ఒక బిడ్డ, రెండు రిజిస్టర్లు

మాస్టారు బోర్డు వైపు తిరిగి భాగహారం చెబుతున్నంతసేపూ, చెవి మిషన్ పెట్టుకున్న పిల్లవాడికి ఆ పాఠం లేనట్టే. మిషన్ శబ్దాన్ని పెంచుతుందే కానీ, మాటను రొదలోంచి ఏరి ఇవ్వదు. నెత్తిమీద తిరిగే ఫ్యాను, పక్క తరగతి ఎక్కాల హోరు, వరండాలో మధ్యాహ్న భోజనం పళ్లేల చప్పుడు అన్నీ మాటతో పాటే పెరుగుతాయి. అందుకని ఆ పిల్లవాడు పాఠాన్ని సగం చెవితోనూ సగం మాస్టారి పెదవులు చూసీ కూడగట్టుకుంటాడు. మాస్టారు వీపు తిప్పగానే ఆ రెండో సగం పోతుంది. దీనికి కావలసిన మందు పైసా ఖర్చు లేనిది. రాసేటప్పుడు రాయడం, చెప్పేటప్పుడు పిల్లల వైపు తిరిగి చెప్పడం, కిటికీ వెలుగు తన ముఖం మీద పడేచోట నిలబడడం, ఆ పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టడం. స్పెషల్ ఎడ్యుకేషన్ చదివిన టీచరుకు ఇది ఓనమాలతో సమానం. కానీ ఆ టీచరు ఆ గదిలో లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల కేంద్రంలో నడిపే భవిత కేంద్రంలోనో, మరో ఊరి బడిలోనో ఉంది. గదిలో ఉన్న లెక్కల మాస్టారికి ఈ సంగతి ఎవరూ పట్టుబట్టి నేర్పలేదు. తెలిసినవాళ్లు ఒకచోట, పిల్లవాడు మరొకచోట ఉండే ఈ అమరిక ఎవరో ఒకరి బద్ధకం వల్ల వచ్చింది కాదు. మన చట్టాలూ శిక్షణా కలిసి దీన్ని ఇలా కట్టాయి. కనుక ఉపాధ్యాయ వృత్తికి ప్రమాణాలు రాసే పని పెట్టుకుంటే, జనరల్ టీచరుకైనా స్పెషల్ టీచరుకైనా దాని మొదటి పేజీ ఒకటే కావాలన్నది ఈ వ్యాసం వాదన. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ ఉన్న బడులను కళ్లముందు పెట్టుకుంటే ఈ వాదన ఎందుకో తేలిగ్గా తెలుస్తుంది.

ముందు ఆ రెండు రిజిస్టర్ల కథ చూద్దాం. భారత పునరావాస మండలి చట్టాన్ని పార్లమెంటు 1992లో చేసింది. మండలి 1993 జూన్ 22న చట్టబద్ధ సంస్థ అయింది. స్పెషల్ టీచర్లకు చదువు ఎలా ఉండాలో నిర్ణయించేదీ, చదివినవాళ్ల పేర్లు కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో రాసుకునేదీ ఇదే. ఆ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చని చట్టం అంటుంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి చట్టం ఆ మరుసటి ఏడాదే, 1993లో వచ్చింది. ఆ మండలి 1995 ఆగస్టు 17 నుంచి పని మొదలుపెట్టింది. మామూలు డీఈడీ, బీఈడీలు దీని కిందికి వస్తాయి. ఏడాది తేడాతో పుట్టిన ఈ అన్నదమ్ములు చెరో మంత్రిత్వ శాఖ నీడన పెరిగారు. ఒకరిది సామాజిక న్యాయం, ఒకరిది విద్య. మధ్యలో గోడ లేచింది. దాని ఎత్తు ఎంతో తెలియాలంటే సిలబస్ చూస్తే చాలు. 2014 నిబంధనల తర్వాత రెండేళ్లయిన బీఈడీకి జాతీయ మండలి ఇచ్చిన పాఠ్య చట్రంలో, అందరినీ కలుపుకొనే బడిని ఎలా తయారుచేయాలన్న విషయానికి దక్కింది సగం పేపరు. అవతలి పక్క స్పెషల్ బీఈడీలో చేరేవాళ్లు వినికిడి, చూపు, బుద్ధి వికాసం వంటి వాటిలో ఏదో ఒక్కటి ఎంచుకుని దానిలోనే పట్టా పుచ్చుకుంటారు. మన రాష్ట్రపు టెట్‌లో కూడా మామూలు టీచర్లకు 1-ఎ, 2-ఎ పేపర్లు, స్పెషల్ టీచర్లకు 1-బి, 2-బి పేపర్లు. పరీక్ష హాలు దగ్గరే దారులు వేరు.

పిల్లవాడి దారి మాత్రం ఈలోగా అవతలి దిక్కుకు మళ్లింది. వైకల్యమున్న పిల్లల్ని మామూలు బడుల్లో చేర్చే కేంద్ర పథకం 1974లోనే మొదలైంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇచ్చింది. దగ్గరి బడిలోనైనా, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోనైనా చదువుకోవచ్చు. గట్టిగా చెప్పాలంటే, పిల్లల్ని ఒక గదిలోకి తెచ్చిన చట్టం టీచర్ల చదువుల్ని ఒక గదిలోకి తేలేదు. 2020 జాతీయ విద్యా విధానం ఈ లోటును గుర్తించి రెండు మండళ్ల పాఠ్యాంశాల మధ్య పొత్తు పెరగాలని రాసింది. రాతకూ బడికీ మధ్య దూరం మన దేశంలో కొత్త విషయం కాదు కాబట్టి దాన్ని అక్కడే వదిలేద్దాం.

ఇక అంకెల సంగతి. స్పెషల్ టీచర్ల కొరతపై వేసిన రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, కేంద్రం 2022 సెప్టెంబరులో నిష్పత్తిని గెజిట్‌లో ప్రకటించింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు. రాష్ట్రాలు నాన్చుతుంటే కోర్టు 2025 మార్చిలో మళ్లీ కలగజేసుకుని, పోస్టులు ప్రకటించి భర్తీ చేయమంది. ఆ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. అందులో 1,136 ఎస్జీటీలు, 1,124 స్కూల్ అసిస్టెంట్లు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు జీతాల మీద ఐఈఆర్‌పీలతో, అంటే సహిత విద్యా రిసోర్సు పర్సన్లతో, నెట్టుకొచ్చిన రాష్ట్రంలో ఇది చిన్న అడుగు కాదు. అయినా లెక్కవేసి చూడండి. రాష్ట్రంలో మండలాలు దాదాపు 680. మండలానికి ముగ్గురూ, మరో మూడో వంతు మనిషీ. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా పుట్టినప్పుడు దానిలో 25 మండలాలు. ఆ సగటున జిల్లా మొత్తానికి ఎనభై చిల్లర మంది. ఒక్కో మండలంలో బడులు పదుల్లో ఉంటాయి. పోనీ పోస్టులన్నీ రేపే నిండాయనుకుందాం. నిజాంపట్నం వైపు ఒక చిన్న బడిలో ఇలాంటి పిల్లలు ఇద్దరుంటారు, నగరం మండలంలో ఇంకో బడిలో ముగ్గురు, చెరుకుపల్లిలో మరో బడిలో ఒక్కరు. పదిమందికి ఒకరన్న నిష్పత్తిని అక్షరాలా పాటించినా ఆ టీచరు బస్సూ ఆటో మారుతూ తిరగాల్సిందే. ఒక బడికి వారానికి ఒక రోజు వస్తే అది మంచి వారం. మిగతా అయిదు రోజులు ఆ పిల్లవాడు ఎవరి చేతిలో ఉన్నట్టు? క్లాసు మాస్టారి చేతిలో. ప్రమాణాల చర్చ ఈ అయిదు రోజుల దగ్గర మొదలుకావాలి. మనం ఎప్పుడూ ఆ ఒక్క రోజు గురించే మాట్లాడుతున్నాం.

ప్రమాణం అనే మాటను అర్హతతో కలిపేయడం మనకు అలవాటు. అర్హత అంటే ఒకప్పుడు పాసైన సంగతి. ప్రమాణం అంటే ఇవాళ మూడో పీరియడ్‌లో చేస్తున్న పని. డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాడల్లా బడి దగ్గర వేగం తగ్గించడు కదా. లైసెన్సు అర్హత, వేగం తగ్గించడం ప్రమాణం. మిగతా దేశాలు దీన్ని ఎలా రాసుకున్నాయో చూస్తే తేడా తెలుస్తుంది. ఆస్ట్రేలియా 2011లో టీచర్లందరికీ ఏడు ప్రమాణాలు పెట్టింది. వాటిలో 1.6 అనే అంశం వైకల్యమున్న విద్యార్థి పూర్తిగా పాలుపంచుకునేలా బోధించడం గురించే. అది స్పెషల్ టీచర్ల అనుబంధంలో లేదు, కొత్తగా చేరే ప్రతి టీచరుకూ వర్తించే పేజీలో ఉంది. ఇంగ్లండులో 2012 నుంచి అమల్లో ఉన్న ప్రమాణాల్లో అయిదోది, పిల్లలందరి బలాలకూ అవసరాలకూ తగ్గట్టు బోధన మార్చుకోవాలంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని అక్కడే పేరుపెట్టి చెబుతుంది. మన జాతీయ మండలి విడుదల చేసిన ఉపాధ్యాయ వృత్తి ప్రమాణాల మార్గదర్శక పత్రంలో మూడు భాగాలున్నాయి: విలువలూ నీతీ, జ్ఞానమూ ఆచరణా, వృత్తిలో ఎదుగుదల. ప్రగామి, ఉన్నత, కుశల అని మూడు మెట్లు. ఇది అవసరమైన పనే. కానీ మెట్లు పదోన్నతికి సంబంధించినవిగా కనబడినంత స్పష్టంగా, చెవి మిషన్ పెట్టుకున్న పిల్లవాడి ముందు నిలబడే తీరు కనబడకపోతే ఆ పత్రం సర్వీసు రిజిస్టర్‌కు ఒక అట్ట అవుతుంది, అంతే.

ఇంత దూరం వెళ్లక్కర్లేదు నిజానికి. మన ఇంట్లోనే ఒక పాత దాఖలా ఉంది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలై 1990ల మధ్య దాకా నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం గుర్తున్న టీచర్లు ఇంకా ఉన్నారు. ఏపెప్ అంటే పాతతరం ఎస్జీటీలు తల ఊపుతారు. అది ఆరు సూత్రాలు చెప్పింది. టీచరే కృత్యాలు తయారుచేయడం, పిల్లలు చేసి నేర్చుకోవడం, ఒంటరిగానూ జట్లుగానూ తరగతి అంతా కలిసీ పనిచేయడం, పిల్లల మధ్య తేడాలకు తగ్గట్టు చెప్పడం, చుట్టూ ఉన్న పరిసరాన్ని వాడుకోవడం, పిల్లల పనిని తరగతిలో ప్రదర్శించడం. నాలుగోది చూడండి. వైకల్యం అన్న మాట వాడకుండానే, ఈనాటి సహిత విద్యకు పునాదిరాయి వేసింది. అదీ స్పెషల్ టీచరు అనే ఉద్యోగం మండలాల్లో లేని రోజుల్లో, రాష్ట్రంలోని మామూలు ప్రాథమిక పాఠశాల టీచరును ఉద్దేశించి. చార్టులు దారానికి వేలాడదీయడం తేలిక, నాలుగో సూత్రం కష్టం. అందుకే చార్టులు నిలిచినంత కాలం ఆ సూత్రం నిలవలేదన్నది నా అభిప్రాయం. ఇంకా వెనక్కి వెళ్తే, తెనాలిలో పెరిగి బడుల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేసిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాసింది కూడా మామూలు తల్లిదండ్రుల కోసం, మామూలు పంతుళ్ల కోసమే. పిల్లవాణ్ణి చూసి పాఠం మార్చుకోవాలన్న ఆలోచన ఈ నేలకు దిగుమతి సరుకేమీ కాదు.

వైకల్యం అనగానే కర్రలూ చక్రాల కుర్చీలూ తలపుకొస్తాయి కాబట్టి, కంటికి కనబడని ఒకదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. 21 రకాల్లో అభ్యసన వైకల్యం ఒకటి. తెలివి ఉంటుంది, చూపు బాగుంటుంది, అక్షరాలే లొంగవు. ఇంగ్లిషు పుస్తకాలు దీన్ని బి, డి అక్షరాలు తారుమారు కావడంతో వివరిస్తాయి. మన పిల్లవాడు తెలుగులో తడబడే తీరు వేరు. మ, య కలిసిపోతాయి. వ, ప దగ్గర ఆగిపోతాడు. స రాయమంటే న రాస్తాడు. గుణింతం వరసలో అప్పజెప్పమంటే గడగడా చెబుతాడు, కె వేరుగా కే వేరుగా చూపిస్తే తెల్లమొహం వేస్తాడు. ఐత్వం ఇంకో చిక్కు, దాని గుర్తు సగం పైన, సగం కింద. క్ర అన్నప్పుడు నోట్లో వెనక వచ్చే రకారం, రాతలో ఎడమ పక్కనుంచి అక్షరాన్ని చుట్టుకుని ముందే కనబడుతుంది. చెవీ కన్నూ ఒకదానికొకటి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంటే ఆ ఎనిమిదేళ్లవాడు ఎవరిని నమ్మాలి? దానికి తోడు ఇప్పుడు మన ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. మామూలు పిల్లవాడికి అది సౌకర్యం, వీడికి ఒకేసారి రెండు లిపుల యుద్ధం. సాధారణంగా ఇలాంటివాడికి దొరికే బిరుదు మొద్దు, లేదంటే అల్లరివాడు. దొరికే చోటు వెనక బెంచీ.

ఈ తడబాటును మొదట పట్టుకోగలిగింది ఎవరు? వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో డాక్టరు కాదు, వారానికోసారి వచ్చే స్పెషల్ టీచరు కాదు. రోజూ నోటుబుక్కులు దిద్దే తెలుగు టీచరు. 2018 జనవరిలో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు కూడా సరిగ్గా ఇదే చెప్పాయి. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు, ప్రభుత్వ, ప్రైవేటు బడుల టీచర్లే తొలి పరిశీలన చేయాలి. బడిలో ప్రధానోపాధ్యాయుడి ఆధ్వర్యంలో ఒక కమిటీ ఉండాలి. ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ అనే పరిశీలన పట్టికలో మొదటి భాగం నింపాల్సింది మామూలు టీచరే, రెండో భాగం దగ్గరే స్పెషల్ టీచరూ హెడ్మాస్టరూ వస్తారు. అంటే చట్టం దృష్టిలో ఈ పనిలో మొదటి సంతకం జనరల్ టీచరుది. ఆ సంతకం పెట్టడానికి కావలసిన చూపు మాత్రం బీఈడీలో సగం పేపరు. దీన్ని ప్రమాణం లేకపోవడం అంటారు. మన అధికారులు టీచర్లలో అవగాహన లోపం అంటారు. ఆ రెండో మాటలో తప్పంతా టీచరు మీద పడుతుంది, అందుకే అది వాళ్లకు ఇష్టం.

తరాజు అటు మాత్రమే మొగ్గితే అన్యాయం. స్పెషల్ టీచరు పక్క కూడా లోటుంది. వినికిడి వైకల్యంలో పట్టా పుచ్చుకున్న టీచరుకు వేమూరులోనో భట్టిప్రోలులోనో ఎదురయ్యేది ఆటిజం ఉన్న ఒక పాప, సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక బాబు, చూపు మందగించిన ఇంకో పిల్ల. ఒక్క వైకల్యంలో లోతు, మిగతా ఇరవైలో పైపై పరిచయం. భవిత కేంద్రంలో చాపలు, అద్దం, నడక నేర్పే కడ్డీలు ఉంటాయి, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు ఉంటుంది, అవన్నీ కావలసినవే. కానీ ఏడో తరగతి సైన్సులో ఈ వారం కాంతి పాఠం జరుగుతోందనీ, చూపు తక్కువున్న పిల్లకు ఆ పటాన్ని చేత్తో తాకేలా దారంతో అతికించి ఇవ్వాలనీ తెలియాలంటే స్పెషల్ టీచరుకు ఆ పాఠం తెలియాలి, సైన్సు టీచరుతో ముందురోజు పది నిమిషాలు కూర్చోవాలి. ఆ పది నిమిషాలు ఎవరి ప్రమాణాల్లోనూ లేవు. ఉన్నవన్నీ లెక్కపెట్టగలిగేవే: ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండు, రవాణా భత్యం, ఎస్కార్టు భత్యం, పంచిన పరికరాలు, శిబిరాలకు తీసుకెళ్లిన పిల్లలు. ఇవి ఇంటికి చేరాలి, సందేహం లేదు. కానీ ఒక వృత్తిని దాని బిల్లులతో కొలిస్తే ఆ వృత్తి గుమాస్తా పనిగా మారుతుంది. అమెరికాలో స్పెషల్ టీచర్ల వృత్తి సంఘం 1922లో పుట్టినప్పుడే వృత్తి ప్రమాణాలను తన లక్ష్యాల్లో పెట్టుకుంది. 2017లో అది ఎంచి చెప్పిన 22 ముఖ్య బోధనా పద్ధతుల్లో మొట్టమొదటిది తోటి టీచర్లతో కలిసి పనిచేయడం. దాదాపు వందేళ్ల అనుభవం తర్వాత వాళ్లు ఆ మాటను మొదట రాశారంటే దాని బరువు ఊహించుకోవచ్చు.

ఇక్కడ టీచర్ల గదిలోంచి వచ్చే మొదటి అభ్యంతరం వినకపోతే ఈ వాదన నిలవదు. ముఖం చూపించి హాజరు వేయాలి, భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించాలి, ఎన్నికలొస్తే బూత్‌కు వెళ్లాలి, ఒకే గదిలో రెండు తరగతులు చూడాలి, ఇంకా ఇదొకటా? న్యాయమైన మాట. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలున్న టీచర్లూ టెట్ పాస్ కావాల్సిందేనని చెప్పాక ఆ కోపం ఇంకా పెరిగింది. నా జవాబు ఏమిటంటే, నేను అడుగుతున్నది కొత్త పని కాదు, ఉన్న పని చేసే తీరు. బోర్డు వైపు తిరిగి మాట్లాడకపోవడానికి అదనపు పీరియడ్ అక్కర్లేదు. ప్రశ్న అడిగాక పది లెక్కపెట్టేంత సేపు ఆగడం, ఒక పెద్ద లెక్కను మూడు చిన్న మెట్లుగా విడగొట్టడం, నోటితో చెప్పినదాన్నే రాతలోనూ చూపడం చేస్తే వైకల్యం లేని పాతికమందికి కూడా పాఠం తేలికవుతుంది. భారం నిజంగా తగ్గాలంటే యాప్‌లు తగ్గించాలి, ఈ ప్రమాణాన్ని కాదు. జాతీయ విద్యా విధానం ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. ఆ గంటలు కొత్తగా పుట్టించనక్కర్లేదు, వాటిలో ఏం చెబుతున్నారన్నదే ప్రశ్న.

రెండో అభ్యంతరం స్పెషల్ టీచర్ల నుంచి. అందరికీ అంతో ఇంతో నేర్పేస్తే ఇక మా అవసరం ఏముందంటూ ప్రభుత్వం పోస్టులు మింగేయదా? ఈ భయం ఊరికే పుట్టలేదు. బ్రెయిలీ, సంజ్ఞా భాష, ఆటిజం ఉన్న బిడ్డతో సంభాషణ వంటివి మూడు రోజుల శిక్షణతో వచ్చేవి కావు, రావాలని అడగడమూ మోసమే. ఊళ్లో ఎంబీబీఎస్ డాక్టరు గుండె ఆపరేషన్ చేయడు, కానీ బీపీ చూస్తాడు, ఏ రోగిని ఎప్పుడు గుంటూరు పంపాలో తెలుసుకుంటాడు, ఆపరేషన్ అయి వచ్చినవాడికి మందులు ఎలా వాడాలో చెబుతాడు. ఆయనకు ఇవి వచ్చినందువల్ల గుండె డాక్టరు ఉద్యోగం పోలేదు, ఆయన దగ్గరికి రావలసినవాళ్లు సరైన సమయానికి వస్తున్నారు. మొదటి పేజీ ఒకటి కావాలని అంటున్నాను, పుస్తకం మొత్తం ఒకటి కావాలని అనడం లేదు. స్పెషల్ టీచరుకు రెండో పేజీ నుంచి ఇంకా లోతైన ప్రమాణాలే ఉండాలి.

మూడోది బాపట్ల నుంచే వస్తుంది, కాబట్టి దాన్ని పక్కన పెట్టలేం. బాపట్లలో ప్రభుత్వం నడిపే బధిరుల ఆశ్రమ పాఠశాల, వాళ్ల కోసమే జూనియర్ కళాశాల ఉన్నాయి. పిల్లలంతా చేతులతో మాట్లాడుకునే ఆవరణలో చెవిటి పిల్లవాడు ఒంటరివాడు కాడు, వాడికి స్నేహితులుంటారు, వాదించుకునేవాళ్లుంటారు, భాష ఉంటుంది. పలకరించే మనిషి లేని మామూలు తరగతిలో ముందు బెంచీ ఇచ్చినంత మాత్రాన ఇది రాదు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. సంజ్ఞా భాషే తల్లిభాష అయిన పిల్లలకు అలాంటి బడి ఒక హక్కు. కానీ దాన్నుంచి వచ్చే తీర్మానం గోడను సమర్థించదు. ఆ బడిలో ఏళ్ల తరబడి పోగైన నేర్పు బాపట్ల పట్టణంలోని మునిసిపల్ బడులకు ఎందుకు చేరకూడదు? ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా కేంద్రం 10,000 పదాల నిఘంటువు తయారుచేసింది. అది ఎవరికైనా దొరుకుతుంది. అందులోంచి ‘కూర్చో, అర్థమైందా, మళ్లీ చెప్పనా, బాగా చేశావు’ అనే పాటి మాటలు ఊళ్లో టీచరు చేతులకు రావడానికి ఎన్ని రోజులు కావాలి? ప్రత్యేక పాఠశాల చుట్టుపక్కల బడులకు గురువు కావాలి. ఇప్పుడది దూరాన ఉన్న చుట్టం.

నాలుగో అభ్యంతరం అనుభవజ్ఞులది: ప్రమాణం రాస్తే పట్టిక పుడుతుంది, పట్టిక పుడితే తనిఖీ, తనిఖీ వస్తే దొంగ రాతలు. ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో నడిచిన సాల్ట్ పథకంలో భాగంగా మన రాష్ట్రం టీచ్ టూల్ అనే తరగతి పరిశీలన పద్ధతిని తెచ్చింది. పరిశీలకుడు వెనక కూర్చుని పదిహేనేసి నిమిషాల చొప్పున రెండుసార్లు చూసి మార్కులు వేస్తాడు. చూడడం తప్పు కాదు. బడికి కొత్తగా వచ్చినవాడు అరగంట చూసి వేసిన మార్కుకంటే, పక్క బడి టీచరు చూసి టీ తాగుతూ చెప్పిన మాట ఎక్కువ పనిచేస్తుందని మాత్రం అనుకుంటాను. మనకు స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఉన్నాయి. నెలకొక మీటింగులో ఒక గంట, ఒక పిల్లవాడి నోటుబుక్కు బల్లమీద పెట్టి, వాడి తెలుగు టీచరూ ఆ మండలపు స్పెషల్ టీచరూ కలిసి మాట్లాడితే, మిగతావాళ్లు వింటే, అది యాభై గంటల్లో లెక్కపడితే చాలు. పేరు బయటకి పోకుండా చూసుకోవాలి, అంతే. గుంటూరు జిల్లాకు టీచర్ల శిక్షణ సంస్థ డైట్ బోయపాలెంలో ఉండేది. జిల్లాలు విడిపోయాక అది పల్నాడులో పడింది. తెనాలి గుంటూరులో, రేపల్లె బాపట్లలో. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు ఒకటే, మధ్యలో జిల్లా మారినంత మాత్రాన పిల్లల తడబాటు మారదు. శిక్షణ పెద్ద సంస్థ దగ్గరికి రావాలని ఎదురుచూసే కంటే కాంప్లెక్స్ దగ్గరికి చేరడమే దగ్గరి దారి.

ప్రమాణం మొదటి పేజీలో ఏం ఉండాలని అడిగితే నా లెక్కలో పెద్దగా లేవు. తన తరగతిలో ఎవరికి వినబడదో, ఎవరికి కనబడదో, ఎవరు చదవలేకపోతున్నారో ఆగస్టు లోపు టీచరు చెప్పగలగాలి. ఒకే పాఠాన్ని రెండు దారుల్లో చెప్పగలగాలి. పిల్లవాడి వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అదే ఐఈపీ, మీద ఇద్దరు టీచర్ల సంతకాలూ ఉండాలి, స్పెషల్ టీచరు రాని రోజున ఏం చేయాలో అందులో రాసి ఉండాలి. ఏ బిడ్డనూ వైకల్యం పేరుతో పిలవకూడదు. వీటిని మాటల్లో పెట్టడానికి రెండు మండళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి, ఒక పేజీ రాయాలి, అదే పేజీ టెట్‌లో ఎ పేపరుకూ బి పేపరుకూ సిలబస్ కావాలి. జాతీయ ప్రమాణాలను 2030లో సమీక్షించాలని విద్యా విధానంలోనే ఉంది. అంత దాకా ఆగనక్కర్లేదు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిగినప్పుడు ముఖ్యమంత్రీ విద్యామంత్రీ కూర్చున్నది బాపట్ల మునిసిపల్ హైస్కూల్లోనే. అలాంటి సమావేశం మళ్లీ వచ్చినప్పుడు, మీ బిడ్డకు ఏ వైకల్యమూ లేకపోయినా సరే, ప్రోగ్రెస్ కార్డు చేతికి తీసుకున్నాక క్లాసు టీచరును మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: మన తరగతిలో స్పెషల్ టీచరు గారి అవసరం ఉన్న పిల్లలు ఎవరైనా ఉంటే, ఆవిడ రాని రోజుల్లో వాళ్లకు పాఠం ఎలా చెబుతున్నారండీ? టీచరు గారికి అందుకు కావలసినవి ఏమిటో కూడా అడిగి రాసుకుని, అక్కడే హెడ్మాస్టరు గారికి ఇచ్చి రండి.